ఎడమచేతి ముడి

సుడలైముత్తు బీడీ మానేసి పద్నాలుగు నెలలయింది. ఆ సంగతి నమ్మినవాడు మా ఊళ్ళో ఒక్కడూ లేడు. నమ్మకపోవడానికి వాళ్ళ కారణాలు వాళ్ళకున్నాయి. ఏ ఇంటి అరుగు మీద చూసినా ఆడవాళ్ళ ఒళ్ళో చాట, చాటలో పొగాకు కనిపించే ఊరు మాది. ఇక్కడ పసిపిల్లల ఉయ్యాలగుడ్డ కూడా పొగాకు వాసనే కొడుతుంది. పైగా ఆయన ముప్ఫై ఒక్కేళ్ళుగా బీడీ డిపోలో చెకింగ్ మనిషి. తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటుంది లోకం. పొద్దస్తమానం బీడీల గుట్ట ముందు కూర్చునేవాడు తాగడం లేదంటే ఎవరు నమ్ముతారు?

ఆడవాళ్ళు ఇంటి దగ్గర చుట్టి తెచ్చిన కట్టలు విప్పి, బాగున్నవి ఒక పక్కకి, పనికిరానివి ఒక పక్కకి వేయడం ఆయన పని. ఆ పనిలో ఆయన్ని మోసం చేయడం ఎవరి తరమూ కాలేదు. బీడీ చేతిలోకి తీసుకోగానే అది ఎవరు చుట్టిందో చెప్పేసేవాడు. ఆకు మడతలోనూ దారం బిగింపులోనూ ఒక్కో చేతికి ఒక్కో గుర్తుంటుంది మరి. "ఇవి నీవి కావమ్మా, నీ కోడలివి. నీ మీద కోపంతో చుట్టినట్టుంది, దారం చూడు ఎలా బిగించిందో" అని అత్తగారి మొహం మీదే అనేవాడు. మొహమాటం ఆ మనిషి ఒంట్లో లేదు. సొంత పెళ్ళాం పేచ్చియమ్మాళ్ తెచ్చిన కట్టలు కూడా అందరివీ విప్పినట్టే విప్పేవాడు. కాకపోతే వాటిలోంచి ఒక్క బీడీ తీసి పక్కన పడేయాల్సిన అవసరం ఏనాడూ రాలేదు. పేచ్చిది ఎడమచేతి వాటం. ఆవిడ బీడీకి దారం అందరిలా కాక ఎదురువైపు తిరుగుతుంది. కళ్ళు మూసుకుని వేలితో తడిమినా ఆ ముడి ఆయనకు తెలిసిపోతుంది.

రెండేళ్ళ కిందట ఆయనకు మలద్వారానికి కాస్త పైన కేన్సర్ బయటపడింది. తిరునల్వేలిలో ఆపరేషన్ చేశారు. కింది దారి పూర్తిగా మూసేసి, పేగు కొసను ఎడమ పొట్ట మీదికి తెచ్చి, అక్కడ సంచి తగిలించారు. ఆ సంచి బతికినంతకాలం ఉంటుంది. ఇంకొకరైతే ఇల్లు కదిలేవారు కాదేమో. ఈయన రెండో నెల దాటగానే డిపోకి వచ్చి తన బల్ల మీద కూర్చున్నాడు. ఆడవాళ్ళు ముఖముఖాలు చూసుకుంటుంటే, "ఏమిటే గుసగుసలు? వెనక తలుపు మూసేసి పక్కన కిటికీ పెట్టించుకున్నాను. మీ ఇళ్ళల్లో మార్పులు చేయించుకోరా?" అన్నాడు. ఆ తర్వాత ఎవరూ గుసగుసలాడలేదు. ఎదురుగానే అడిగేవారు, ఆయన ఎదురుగానే చెప్పేవాడు.

ఆపరేషన్ తర్వాత మూడు నెలలకోసారి ఆసుపత్రికి వెళ్ళి రక్తం ఇవ్వాలి. కేన్సర్ మళ్ళీ తల ఎత్తుతోందేమో తెలుసుకోవడానికి ఆ రక్తంలో ఒక నంబరు చూస్తారు. ఐదులోపు ఉంటే మంచిది. మొదటి ఏడాది చివర్లో అది ఆరు దాటింది. డాక్టర్ హెప్సిబా స్కానింగ్ తీయించింది, ఏమీ కనబడలేదు. అప్పుడు "అయ్యా, బీడీ తాగుతున్నారా?" అని అడిగింది. "రోజుకి ఒక కట్ట" అని ఆయన నిజమే చెప్పాడు. పొగ తాగేవాళ్ళకి కూడా ఆ నంబరు కాస్త పెరుగుతుందట. మానేసి రమ్మంది. ఆయన ఆ రోజు బస్సెక్కే ముందు జేబులో కట్ట తీసి బస్టాండులో ఎవరికో ఇచ్చేశాడు. మూడు నెలల తర్వాత నంబరు మూడుకి దిగింది.

ఇక చూడండి, మా ఊరివాళ్ళు ఎక్కడ పప్పులో కాలేశారో. ఆ నంబరు కేన్సర్‌ది కాదు, బీడీలదని తేల్చేశారు. ఇంకే ఊళ్ళోనైనా ఇలా అనుకుంటారా అంటే, అనుకోరు. మాకు లోకమంతా బీడీలలోనే కనబడుతుంది. ఆయన ఆసుపత్రి నుంచి రాగానే డిపోలో ఆడవాళ్ళు, "ఈసారి ఎన్ని బీడీలొచ్చాయన్నా?" అని అడిగేవారు. మూడొచ్చిందంటే, "పండక్కి మూడు తాగావన్నమాట" అని నవ్వేవారు. ఆయన కూడా నవ్వేవాడు.

మొన్న ఆషాఢంలో, అదే మా ఆడి నెలలో, తొమ్మిది పాయింట్ ఎనిమిది వచ్చింది. ఆ రోజు ఆయన నవ్వలేదు.

ఫోనుకి కబురు పొద్దున వచ్చింది. మధ్యాహ్నానికల్లా ఊరంతా తెలిసిపోయింది. ఎవరు చెప్పారంటే పేచ్చి తమ్ముడు ఇసక్కి. డిపోలో ఆకు మూటలు దింపుతాడు, నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రం ఇంటికొచ్చి గడపలో కూర్చుని మొదలుపెట్టాడు.

"బావా, నిప్పు లేనిదే పొగ రాదు."

"ఇక్కడ పొగే లేదురా, నిప్పెక్కడిది?"

"నంబరు అబద్ధమాడుతుందా మరి? ఎక్కడ తాగుతున్నావో చెప్పేయ్. కాలవగట్టు మీదా, డిపో వెనకా?"

"మాడసామి మీద ఒట్టు. పద్నాలుగు నెలలుగా ఒక్క దమ్ము లాగలేదు."

"ఆ సామికే మనం చుట్టలు నైవేద్యం పెడతాం. చుట్ట తాగే దేవుడి మీద పొగ తాగలేదని ఒట్టేస్తే ఏం చెల్లుతుంది బావా?"

సుడలైముత్తుకి ఒళ్ళు మండింది. పెళ్ళాం వైపు చూశాడు. పేచ్చి చాట ముందు కూర్చుని తలెత్తకుండా ఆకు కత్తిరిస్తోంది. ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో ఆయన తిట్టాడు, అలిగాడు, పండగ పూట అన్నం పళ్ళెం నెట్టేసి వెళ్ళిపోయాడు, కానీ ఆవిడతో అబద్ధమాడలేదు. ఆ సంగతి ఆవిడకు తెలుసు. ఆ ఒక్క ముక్క తమ్ముడితో అంటుందని చూశాడు.

"ఒప్పుకుంటే పోయేదేముందయ్యా" అంది ఆవిడ. "తాగుతున్నానని చెప్పు. డాక్టరమ్మ నాలుగు తిడుతుంది. మళ్ళీ మానేద్దువుగాని."

"చేయని తప్పు ఒప్పుకోవాలా?"

"చేశావనే అంటున్నాను."

ఆ రాత్రి ఆయన అన్నం తినలేదు. కోపం ఒకటీ, కోపం కింద మరొకటీ. ఆ రెండోది ఎవరికీ చెప్పలేదు. రెండు నెలలుగా ఆయనకు కూర్చునేచోట నొప్పిగా ఉంటోంది. లోపల, వెన్నెముక కొస దగ్గర, ఎవరో బొటనవేలు పెట్టి అదిమినట్టు ఉంటుంది. మూసేసిన దారి అప్పుడప్పుడూ ఉన్నట్టే అనిపిస్తుందనీ, ఉత్తుత్తి కబుర్లు పంపుతుందనీ, కంగారు పడొద్దనీ ఆపరేషన్ అయినప్పుడు నర్సమ్మ చెప్పింది. ఇదీ అలాంటిదేనని ఆయన తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. డిపో బల్ల మీద ఎడమ పిర్ర మీదికి ఒరిగి కూర్చునేవాడు. అన్నం గోడకానుకుని నిలబడే తినేవాడు. ఎవరూ గమనించలేదనే ఆయన నమ్మకం.

మర్నాడు పొద్దున ముగ్గురూ తిరునల్వేలి బస్సెక్కారు. సీట్లు ఖాళీగా ఉన్నా సుడలైముత్తు కడ్డీ పట్టుకుని నిలబడే ఉన్నాడు. కండక్టర్ రెండుసార్లు కూర్చోమన్నాడు. "నీ బస్సు సీటు నువ్వే ఉంచుకో" అన్నాడు ఈయన. మొండివాడు రాజు కంటే బలవంతుడని ఊరికే అన్నారా? కండక్టర్ మళ్ళీ అటు రాలేదు.

డాక్టర్ హెప్సిబా కాగితాలు చూస్తూ, "అయ్యా, మళ్ళీ మొదలుపెట్టారా?" అని అడిగింది.

"లేదు."

"కోప్పడనులెండి. నిజం చెప్పండి."

"చెప్పాను కదా. లేదు."

అప్పుడు పేచ్చి రొంటిన దోపుకున్న కాగితప్పొట్లం తీసి డాక్టర్ బల్ల మీద విప్పింది. అందులో సగం కాలిన బీడీ ముక్క ఉంది. "స్నానాలగది కిటికీలో దొరికిందమ్మా. ఇంట్లో ఇంక మగవాళ్ళెవరూ లేరు" అంది. గొంతు తడబడలేదు. గుమ్మం దగ్గర నిలబడ్డ ఇసక్కి తల ఊపుతూ, "చూశావా బావా" అన్నాడు.

సుడలైముత్తు నోరు తెరిచాడు, ఆ అడ్డగోలు మాటకు చెప్పాల్సింది చెబుదామని. అంతలో కళ్ళు బీడీ మీద పడ్డాయి. ఆ కళ్ళు ముప్ఫై ఒక్కేళ్ళుగా చేసిన పని ఇప్పుడూ వాటంతటవే చేసేశాయి. దారం ఎదురువైపు తిరిగింది. ఎడమచేతి ముడి. సరే, ఆవిడ చుట్టిన బీడీ ఎవరైనా తాగొచ్చు. కానీ నోట్లో పెట్టుకునే కొస గుండ్రంగా, పొడిగా, చుట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. పెదవి తగిలి నలగలేదు, తడి మరక లేదు. దమ్ము లాగకపోతే బీడీ దానంతటదే ఆరిపోతుంది, ఇదీ అలాగే ఆరింది. దీన్ని ఎవరో వెలిగించారే గాని ఎవరూ తాగలేదు.

ఎవరో ఏమిటి? చుట్టిందీ వెలిగించిందీ కిటికీలో పెట్టిందీ ఒకటే చెయ్యి.

ఒక్క మాట అంటే చాలు, ఆవిడ ఆ గదిలోనే దొంగయిపోతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. చెయ్యి చాచి బీడీ ముక్కని తీసుకుని చొక్కా జేబులో వేసుకున్నాడు, అంతే. డాక్టర్ అప్పటికే రాసేస్తోంది. "బీడీలు మళ్ళీ మొదలు" అని పైకి చదువుతూ రాసింది. "ఒక నెల పూర్తిగా మానేసి మళ్ళీ రక్తం ఇవ్వండి. తగ్గకపోతే స్కానింగ్ తీద్దాం."

"నెల ఆగను" అన్నాడాయన. "ఇవాళే తీయి."

"అయ్యా, బీడీ వల్ల కూడా..."

"బీడీ సంగతి వదిలెయ్ డాక్టరమ్మా. నా మాట ఇక్కడ ఎవరూ నమ్మరని తేలిపోయింది, నమ్మొద్దు. నా కూర్చునేచోటు అడుగు, అది చెబుతుంది. రెండు నెలలుగా లోపల అదుముతోంది. ఇప్పుడు ఈ కుర్చీలో ఎలా కూర్చున్నానో చూడు."

డాక్టర్ కలం ఆగిపోయింది. ఆయన కుర్చీ అంచున, ఒక పక్కకి ఒరిగి, చేతి మీద బరువు మోపి కూర్చున్నాడు.

"బల్ల ఎగుడుదిగుడమ్మా, డిపోలో. నరం పట్టేసి ఉంటుంది" అంది పేచ్చి గబగబా.

"నరం కాదు."

"నరమేనయ్యా."

"నువ్వు ఊరుకో పేచ్చీ" అన్నాడాయన. పెద్దగా అనలేదు. పెద్దగా అనకపోవడమే ఆవిడని ఊరుకోబెట్టింది. "స్కానింగ్‌లో ఏమీ లేదనుకో, బీడీల దండ మెళ్ళో వేసుకుని డిపో నుంచి మాడసామి గుడిదాకా నడుస్తాను. నేను దొంగనని నేనే చాటింపు వేసుకుంటాను. తీయి."

"ముందే ఎందుకు చెప్పలేదు మీరు?" అని డాక్టర్ లేచింది. ఆయన్ని పడుకోబెట్టి అక్కడా ఇక్కడా నొక్కి చూసింది. తర్వాత ఇంక నెల మాట ఎత్తలేదు. ఆ రోజు స్కానింగ్‌కీ, రెండు రోజుల తర్వాత మరో పెద్ద స్కానింగ్‌కీ రాసిచ్చింది. ఆ తర్వాత సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. ఫలితాలు వచ్చేదాకా పది రోజులూ ఇంట్లో మొగుడూ పెళ్ళాం ఉప్పు, నీళ్ళు, సంచి మార్చే వేళ తప్ప ఇంకేమీ మాట్లాడుకోలేదు. బీడీ ముక్క ఆయన జేబులోనే ఉంది. చొక్కా మార్చినప్పుడల్లా పాత జేబులోంచి కొత్త జేబులోకి మారింది. ఈ పేచ్చికి నా మీద ఇంత కక్ష ఎందుకా అని ఆలోచించి ఆలోచించి ఆయన బుర్ర వేడెక్కిపోయింది. ఏమీ తట్టలేదు.

పదకొండో రోజున డాక్టర్ వాళ్ళని కూర్చోబెట్టి బొమ్మ చూపించింది. ఆయన నిలబడే చూశాడు. తోక ఎముకకి ముందర, పాత ఆపరేషన్ చేసిన గుంతలో, చింతగింజంత మచ్చ ఉంది.

"అదే జబ్బు మళ్ళీ వచ్చింది" అంది డాక్టర్. "దాచి చెప్పడం నాకు చేతకాదు. కాలేయం, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. జబ్బు ఈ ఒక్కచోటే ఉంది, చిన్నదిగా ఉండగానే దొరికింది. పోయినసారి మీకు కరెంటు, అదే రేడియేషన్, పెట్టలేదు కాబట్టి ఇప్పుడు పెట్టొచ్చు. ఐదు వారాలు కరెంటు, దాంతోపాటు మాత్రలు. కొన్నాళ్ళు ఆగి మళ్ళీ ఆపరేషన్ చేస్తాం. తోక ఎముక కూడా కొంత తీయాల్సి రావచ్చు. మొదటి దానికంటే పెద్ద ఆపరేషన్ అయ్యా. మొత్తం తీసేయగలిగితే మీరు బతకడానికి మంచి అవకాశమే ఉంది. మాట మాత్రం ఇవ్వలేను."

ఇసక్కి గోడకేసి తిరిగాడు.

"సరే" అన్నాడు సుడలైముత్తు. "నువ్వు చెప్పినవన్నీ చేయించుకుంటాను. అంతకంటే ముందు నా కాగితం సరిచెయ్."

"ఏ కాగితం?"

"బీడీలు మళ్ళీ మొదలు అని రాశావు కదా. కొట్టెయ్."

డాక్టర్ ఆయన మొహంలోకి చూసింది. ఫైలు తీసింది, పేజీ తిప్పింది. ఆ ముక్క మీద గీత గీసి, పక్కన వేరే రాసి, కింద సంతకం పెట్టింది. "పద్నాలుగు నెలలుగా పొగ తాగడం లేదు" అని చదివి వినిపించింది. "నేను మీ మాట వినాల్సింది అయ్యా" అని కూడా అంది.

ఆయన ఛాతీ విరుచుకుని బయటికి వచ్చాడు. వరండాలో ఇసక్కి కళ్ళు తుడుచుకుంటుంటే వీపు మీద ఒక్కటిచ్చాడు. "ఏడుస్తావేంరా? నిప్పు లేదు, పొగ లేదు. గెలిచింది నేను."

ఆసుపత్రి గేటు పక్కన తాటిబెల్లం కాఫీ అమ్మే బడ్డీ ఉంది. ఇసక్కి మూడు గ్లాసులు తెచ్చి, మందులు కొనడానికి వెళ్ళాడు. పేచ్చి బల్ల మీద కూర్చుంది. ఆయన ఎదురుగా నిలబడి, జేబులోంచి బీడీ ముక్క తీసి ఆవిడ అరచేతిలో పెట్టాడు.

"దమ్ము లాగని బీడీ. నీ ముడి" అన్నాడు. "నా మీద ఏం కక్షే నీకు?"

ఆవిడ దాన్ని చూసింది. కాదనలేదు. "ఎప్పుడు తెలిసింది?"

"డాక్టర్ బల్ల మీద పెట్టినప్పుడే."

"అప్పుడే అడగొచ్చుగా."

"పరాయి మనిషి ముందు నిన్ను దొంగని చేయమంటావా?"

పేచ్చి అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే మాట్లాడింది. "నువ్వు ఒక పిర్ర మీద కూర్చోవడం నేను చూడలేదనుకున్నావా? నిలబడి అన్నం తినడం చూడలేదా? నంబరొచ్చిన పొద్దున నీ చొక్కా జేబులన్నీ వెతికాను. పరుపు కింద చూశాను. దొడ్డంతా తిరిగాను. ఒక్క బీడీ దొరికితే చాలు, నిన్ను నోరారా తిట్టుకుని నిశ్చింతగా ఉండేదాన్ని. నా మొగుడు అబద్ధాలకోరు కావాలని మాడసామికి మొక్కానయ్యా. ఎక్కడా దొరకలేదు. అందుకే నేనే చుట్టి, నేనే అంటించి అక్కడ పెట్టాను. డాక్టరమ్మ చూసి, ఇది బీడీ నంబరేలెమ్మా అంటుంటే ఒక్కసారి చెవులారా విందామని."

పది రోజులుగా సుడలైముత్తు దాచుకున్న తిట్లన్నీ గొంతులోనే ఉన్నాయి గాని, ఒక్కటీ పనికొచ్చేలా లేదు. తను గెలిచానని వరండాలో అన్న మాట గుర్తొచ్చి సిగ్గేసింది. తను గెలిస్తే ఓడిపోయేదెవరో అప్పటిదాకా ఆయనకు తోచలేదు.

బీడీ ముక్కని ఆవిడ చేతిలోంచి మళ్ళీ తీసుకున్నాడు. డిపోలో పట్టుకున్నట్టే రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, వెలుగుకేసి తిప్పి చూశాడు.

"ముప్ఫై ఒక్కేళ్ళలో నీ కట్టలోంచి ఒక్కటి కూడా తీసి పడేయలేదు."

"ఊఁ."

"ఇది పనికిరాదు" అని, బడ్డీవాడి చెత్తబుట్టలో పడేశాడు. "సోమవారం నుంచి కరెంటు. ఐదు వారాలే కదా, చూద్దాం నాకు ముందు విసుగొస్తుందో దానికొస్తుందో. ఆ తర్వాత తోక ఎముకా తీస్తారట, తీయనీ. మనిషికి తోకతో ఏం పని? కానీ పేచ్చీ, ఇంకోసారి ఇలాంటిది చుట్టావంటే ఊరుకోను."

"నొప్పి దాస్తే నేనూ ఊరుకోను."

"దాచనులే."

"అయితే కూర్చో. కాఫీ చల్లారిపోతోంది."

"కూర్చోలేనే" అన్నాడాయన. ఆ మాట ఆయన నోట రావడం అదే మొదటిసారి.

పేచ్చి కొంగుతో ముక్కు తుడుచుకుని బల్ల మీంచి లేచింది. ఇద్దరూ నిలబడే తాగారు. అంతలో ఇసక్కి ఒక చేతిలో మందుల సంచి, ఇంకో చేతిలో మోగుతున్న ఫోనుతో వచ్చాడు.

"బావా, డిపో నుంచి. ఏమైందని ఆడవాళ్ళంతా అడుగుతున్నారట. ఏం చెప్పమంటావు?"

సుడలైముత్తు గ్లాసు అడుగున మిగిలిన కాఫీ కూడా వంచుకుని తాగాడు.

"ముందు నేను తాగలేదని చెప్పు" అన్నాడు. "మిగతాది ఆ తర్వాత చెప్పు."